తిరుపతిలో చదువుతూ సముద్రపు అడుగు పరిశోధనలోకి వెళ్ళొచ్చా? అసలు అక్కడ ఏముంటుంది?

మీరు రెండు విషయాలు అడిగారు. తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నారు, మనుషులను 6,000 మీటర్ల లోతుకు దించడానికి మన దేశం తయారుచేస్తున్న మత్స్య-6000 వాహనం వార్తలు చూశాక సముద్రపు అడుగు మీద పరిశోధన చేయాలనిపించింది, దానికి సముద్రం లేని ఈ ఊరి నుంచి దారి ఏమిటన్నది ఒకటి. "ఆ చీకట్లో, బురదలో ఏముందని పోతావు" అంటున్న నాన్నగారికి ఏం చెప్పాలన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు రాస్తాను. అక్కడ ఏముందో తెలిస్తే ఏం నేర్చుకోవాలో కూడా తెలుస్తుంది.

నాది చిత్తూరు. ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివి, గోవాలో ఒక ప్రాజెక్టులో చేరి, మధ్య హిందూ మహాసముద్రం అడుగు నుంచి తీసిన బురద మీద పనిచేశాను. ఆ బురద తీసుకురావడానికి ఓడలో కూడా వెళ్ళాను. ఇప్పుడు తిరుపతిలో పాఠాలు చెబుతున్నాను. నేను వెళ్తానన్నప్పుడు మా నాన్న కూడా "మనం చూసిన సముద్రమంతా మద్రాసు బీచే గదమ్మా, దాని అడుగున నీకేం పనుండాది?" అన్నాడు.

పెద్దవాళ్ళు అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఒకప్పుడు శాస్త్రవేత్తలే అలా అనుకున్నారు. 1840లలో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఏజియన్ సముద్రంలో వల వేసి లాగుతూ పోతే, లోతు పెరిగేకొద్దీ జీవులు తగ్గుతూ వచ్చాయి. ఆ లెక్కన సుమారు 550 మీటర్ల కింద ప్రాణమన్నదే ఉండదని ఆయన అంచనా కట్టాడు. చాలామంది దాన్ని నమ్మారు కూడా. 1872 నుంచి 1876 దాకా ప్రపంచమంతా తిరిగిన ఛాలెంజర్ ఓడ వేల మీటర్ల లోతు నుంచి కూడా బతికున్న జీవులను పైకి తీసి ఆ మాటకు తెర దించింది. ఇప్పుడు మనం నాడ్యూల్స్ అని పిలుస్తున్న నల్లటి లోహపు గుండ్లను కూడా ఆ ఓడే మొదటగా విస్తారంగా సేకరించింది.

మీరు అడుగుతున్న ఆ లోతును శాస్త్రంలో అబిసల్ మండలం అంటారు. మోటుగా చెప్పాలంటే 3,000, 4,000 మీటర్ల దగ్గర మొదలై 6,000 మీటర్ల దాకా ఉండే విశాలమైన మైదానాలు, కొండలు. సూర్యరశ్మి అక్కడికి బొత్తిగా చేరదు. నీటి వేడి 1 నుంచి 4 డిగ్రీలు, ఏడాది పొడవునా అంతే. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి 5,000 మీటర్ల దగ్గర గోరంత చోటు మీద సుమారు అర టన్ను బరువు పడుతుంది. ఇంత పీడనంలో జీవులు ఎలా బతుకుతాయని మా విద్యార్థులు ప్రతిసారీ అడుగుతారు. వాటి ఒంట్లో గాలి అరలు ఉండవు, లోపలా నీరే, బయటా నీరే. అందుకే నలిగిపోవు. ఓడలో మేము పరికరానికి ఒక సంచి కట్టి, అందులో థర్మోకోల్ కప్పులు పెట్టి కిందికి పంపేవాళ్ళం. వాటిలో ఉన్న గాలంతా పిండేసినట్టై, ఆకారం చెడకుండా వేలి కొసకు పట్టేంత చిన్నవై తిరిగొచ్చేవి. పీడనం ఎంతటిదో చెప్పడానికి ఇప్పటికీ క్లాసులో అదే చూపిస్తాను.

ఇక బురద సంగతి. టీవీలో చూపించేది జలాంతర్గామి వాహనాలను. నిజానికి ఈ రంగంలో తెలిసినదాంట్లో చాలా భాగం ఇనుప తాడు చివర కట్టిన పెట్టెలతో పైకి వచ్చిందే. మేము వాడింది బాక్స్ కోరర్. కిందికి దిగి, బురదలోకి కూరుకుని, అడుగున పారలాంటి రేకు మూసుకునే ఉక్కు పెట్టె అది. వించ్, అంటే తాడు చుట్టే యంత్రం, సెకనుకు మీటరు చొప్పున తాడు వదులుతుంది. 5,000 మీటర్లకు రానూ పోనూ మూడు గంటలకు తక్కువ పట్టదు. ఓడ అక్కడే కదలకుండా నిలబడాలి. పెట్టె అడుగును తాకిందో లేదో కంటికి కనిపించదు. వించ్ మీద తాడు టెన్షన్ చూపించే మీటరు ఉంటుంది, ముల్లు ఒక్కసారిగా పడిపోతే తాకినట్టు. మళ్ళీ లాగేటప్పుడు అది పైకి లేస్తే బురద పట్టుకున్నట్టు. ఆ కాసేపు డెక్ మీద ఎవరూ మాట్లాడరు. ఇంత చేసీ పెట్టె సరిగ్గా మూసుకోక ఖాళీగా వచ్చిన సందర్భాలూ ఉంటాయి, అప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలు.

పెట్టె డెక్ మీదికి వచ్చాక చేసే పని నాకు చాలా ఇష్టం. ముందు పైన నిలిచిన నీళ్ళను సన్న గొట్టంతో మెల్లగా లాగేయాలి, లేకపోతే బురద పైపొర చెదిరిపోతుంది. జీవులు ఎక్కువగా ఉండేది ఆ పైపొరలోనే, మొదటి కొన్ని సెంటీమీటర్లలో. నీళ్ళు తీసేశాక ముదురు గోధుమరంగు బురద, అందులో సగం కూరుకుపోయి ఉర్లగడ్డలంత నల్ల నాడ్యూల్స్ కనిపిస్తాయి. చెయ్యి పెడితే, పైన మండుటెండ కాస్తున్నా, వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లదనం. ఫొటో తీసి, ప్లాస్టిక్ గొట్టాలు నిలువుగా గుచ్చి, బయటికి తోసిన బురదను సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల మందాన కోసి సంచుల్లో వేస్తాం. సంచి మీద మార్కర్‌తో ఒకసారి, లోపల చీటీ మీద పెన్సిల్‌తో ఇంకోసారి స్టేషన్ (నమూనా తీసిన చోటు) నంబరు, లోతు రాయాలి. జీవుల కోసం తీసిన ముక్కల్లో కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్, రోజ్ బెంగాల్ అనే రంగు కలుపుతాం. తీసేటప్పటికి ప్రాణంతో ఉన్నవాటి కణజాలం గులాబీ రంగు పట్టుకుంటుంది.

ల్యాబ్‌లో మిగతా జీవితం జల్లెడ దగ్గర గడుస్తుంది. 63 మైక్రాన్ల జల్లెడలో, అంటే మిల్లీమీటరులో పదహారో వంతు కన్నంలో, బురద పోసి సన్నటి నీటిధార కింద కడిగితే చాలా భాగం కారిపోతుంది. మిగిలిన చారెడు కూడా కాని పొడిని మైక్రోస్కోప్ కింద పరిచి, మూడు సున్నాల నంబరున్న సన్నటి బ్రష్ తడిపి ఒక్కొక్కటీ ఏరి నల్లటి స్లైడ్ మీద పెట్టాలి. అందులో రేడియోలేరియా ఉంటాయి: గాజు జాలీ అల్లినట్టుండే ఏకకణ జీవుల గూళ్ళు. ఇసుక రేణువులు అతికించుకుని గూడు కట్టుకునే ఫొరామినిఫెరా అనే మరో రకం ఏకకణ జీవులు ఉంటాయి. సున్నపు గుల్లలు మాత్రం దాదాపు కనిపించవు, అంత లోతులో చల్లదనానికీ పీడనానికీ అవి నీళ్ళలో కరిగిపోతాయి. ఇవి కాక నెమటోడ్లనే సన్నటి దారంలాంటి పురుగులు, పాలీకీట్ పురుగులు, రొయ్య, పీతల జాతికి చెందిన బుల్లి క్రస్టేషియన్లు. ఇంకాస్త పెద్దవి కావాలంటే సముద్ర దోసకాయలు, నక్షత్ర చేపలకు చుట్టాలైన బ్రిటిల్ స్టార్లు. వీటిలో ఎన్నింటికో ఇంకా పేరే పెట్టలేదు. ఏముందని అడిగిన నాన్నగారికి ఇది చూపించండి.

వీటన్నిటికీ తిండి పైనుంచి రాలిపడేదే. సముద్రం పైపొరలో చనిపోయిన ప్లవకాలు (నీళ్ళలో తేలే బుల్లి జీవులు), మలం, జిగురు కలిసి తునకలుగా వారాల తరబడి కిందికి దిగుతాయి. దారిలోనే చాలావరకు ఎవరో ఒకరు తినేస్తారు, అడుగుకు చేరేది నూటికి ఒకటో రెండో పాళ్ళు. తిండి అంత తక్కువ కాబట్టి అక్కడ పెరుగుదలా నిదానమే. తీరానికి దూరంగా బురద పేరుకునేది కూడా వెయ్యేళ్ళకు కొన్ని మిల్లీమీటర్లే. నాడ్యూల్ అయితే పది లక్షల ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒకదాన్ని రంపంతో అడ్డంగా కోసి చూస్తే పొరల మీద పొరలు, మధ్యలో సొరచేప పన్ను ముక్క. ఆ పన్ను చుట్టూ లక్షల ఏళ్ళపాటు మాంగనీసు, ఇనుము పేరుకుంటూ వచ్చాయన్నమాట. అది చేతిలో పెట్టుకుని నేను చాలాసేపు కూర్చుండిపోయాను. నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈ నిదానం గురించే. అక్కడ ఉన్నది శూన్యం అన్న అపోహ పోయినా, ఎంత నిదానమో అర్థం కాకపోతే ఈ రంగంలో జరుగుతున్న పెద్ద చర్చ అర్థం కాదు.

ఆ చర్చ తవ్వకం గురించి. నాడ్యూల్స్‌లో మాంగనీసుతో పాటు నికెల్, రాగి, కోబాల్టు ఉంటాయి. మన పరిశోధన ఓడ గవేషణి 1981 జనవరి 26న అరేబియా సముద్రంలో తొలి నాడ్యూల్స్ తీసింది. 1987లో మన దేశానికి అన్వేషణ కోసం సముద్రంలో చోటు కేటాయించే పయనీర్ ఇన్వెస్టర్ హోదా వచ్చింది. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషించే హక్కు ఇప్పుడు మనకుంది. అక్కడ 38 కోట్ల టన్నుల నాడ్యూల్స్ ఉంటాయని ప్రభుత్వ అంచనా. తవ్వితే ఏమవుతుందో ముందే తెలుసుకోవాలని 1997లో మనవాళ్ళు అక్కడే 5,000 మీటర్లకు పైగా లోతులో ఒక చిన్న పట్టీలో బురదను కావాలని కదిలించి, ముందూ వెనకా నమూనాలు తీసి పోల్చారు. మన దేశం గర్వపడాల్సిన ప్రయోగం అది, వార్తల్లో మాత్రం ఎవరూ దాని పేరెత్తరు. జర్మన్లు 1989లో పెరూ దగ్గరి సముద్రంలో ఇలాగే నేలను దున్ని వదిలేశారు. 2015లో, అంటే 26 ఏళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే ఆ చాళ్ళు నిన్న దున్నినంత స్పష్టంగా ఉన్నాయి. అక్కడి సూక్ష్మజీవుల పని మామూలు స్థితికి రావడానికి 50 ఏళ్ళకు పైనే పట్టవచ్చని ఆ పరిశోధకులు తేల్చారు. నాడ్యూల్‌నే ఇల్లు చేసుకుని బతికే జీవులకు ఆ గుండు తీసేస్తే మళ్ళీ లక్షల ఏళ్ళ దాకా ఇల్లు లేనట్టే. లోహాలు అవసరమే, కాదనను. కానీ అక్కడ ఏ జీవి ఉందో పేర్లు కూడా రాసుకోకముందే యంత్రాలు దించడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పేర్లు రాయగలిగేది మీలాంటి జువాలజీవాళ్ళే. మా జియాలజీవాళ్ళకు అది చేతకాదు.

మనుషులు దిగడం గురించి క్లుప్తంగా. మత్స్య-6000ను చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) తయారుచేస్తోంది. 2.1 మీటర్ల వ్యాసం ఉన్న టైటానియం గోళం, అందులో ముగ్గురు, మామూలుగా 12 గంటలు, ప్రమాదం వస్తే 96 గంటలు ప్రాణాలు నిలిపే ఏర్పాటు. శిక్షణలో భాగంగా 2025 ఆగస్టులో ఫ్రెంచి వాహనం నాటిల్‌లో అట్లాంటిక్‌లో మనవాళ్ళు రాజు రమేష్ 4,025 మీటర్లకు, జతిందర్ పాల్ సింగ్ 5,002 మీటర్లకు దిగివచ్చారు. చూసి మీకు ఉత్సాహం కలిగిందంటే సంతోషం. అయితే దిగేది ఎప్పుడూ కొద్దిమందే. వాళ్ళు తెచ్చే నమూనాలు చదివేవాళ్ళు వందల్లో కావాలి.

ఇక దారి. పరిశోధనకు అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్‌లో మీకు లైఫ్ సైన్సెస్ సరిపోతుంది. సముద్ర భౌతికం వైపు మనసుంటే భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాల పేపరు వేరే ఉంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్‌ఐఓ), విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రం, కొచ్చిలో సముద్ర జీవ వనరుల కేంద్రమైన సీఎంఎల్‌ఆర్‌ఈ, చెన్నై ఎన్‌ఐఓటీ చూడండి. వీటి వెబ్‌సైట్లలో ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు వస్తుంటాయి, పీహెచ్‌డీ కంటే ముందు ఒకటి రెండేళ్ళు అలా చేరడం మంచిది. ఓడ ఎక్కే అవకాశం ఎక్కువగా అలాగే వస్తుంది. ఏర్పేడులోని ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఎర్త్ అండ్ క్లైమేట్ సైన్స్ విభాగం ఉంది, అక్కడ జరిగే సెమినార్లకు అడిగి వెళ్ళండి.

ఓడలో ఆడపిల్లలకు ఎలా ఉంటుందని ఇంట్లో తప్పకుండా అడుగుతారు. నేను వెళ్ళిన ఓడలో కేబిన్లు వేరే ఉండేవి, డాక్టరు ఉండేవారు, పని అందరికీ ఒకటే షిఫ్టుల లెక్కన పడేది. మొదట్లో కడుపులో తిప్పడం చాలామందికి ఉంటుంది, మాత్ర వేసుకుని, ఖాళీ కడుపుతో ఉండకుండా, డెక్ మీద దూరంగా చూస్తూ నిలబడితే మెల్లగా తగ్గుతుంది.

సముద్రం లేని ఊరు అని మీరు దిగులు పడ్డారు. ఒకసారి తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అసంగతి అనే రాతి పొరల అతుకు దగ్గర ఆగి చూడండి. కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు, రెంటి మధ్యా పదుల కోట్ల ఏళ్ళ ఖాళీ. పైనున్న ఆ రాయి ఒకనాటి లోతు తక్కువ సముద్రపు ఇసుక. అబిసల్ లోతుకు దానికీ సంబంధం లేదు, కానీ ఒక పొరను చూసి కాలాన్ని చదవడం నేను మొదట నేర్చుకున్నది అక్కడే. పైగా 2022లో జిల్లాలు మారాక సూళ్ళూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, వాటితో పులికాట్ సరస్సు కూడా. అక్కడి బురదలోనూ నెమటోడ్లు, పాలీకీట్లు, ఫొరామినిఫెరా ఉంటాయి, పని పద్ధతి మాత్రం ఒకటే. మీ డిసర్టేషన్‌కు అదే తీసుకోమంటాను. అది పక్షుల అభయారణ్యం కాబట్టి నమూనాలు తీసేముందు మీ డిపార్ట్‌మెంట్ లెటర్‌తో అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, దానికి సమయం పడుతుంది, మూడో సెమిస్టర్ మొదట్లోనే అర్జీ పెట్టండి. 63 మైక్రాన్ల జల్లెడ మీ దగ్గర లేకపోతే జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో అవక్షేపాల (నీటి అడుగున పేరుకున్న మట్టి, ఇసుక) పని చేసేవాళ్ళను అడగండి, ఉంటుంది. నెమటోడ్లకు 32 మైక్రాన్లది కూడా కావాలి, అది మాత్రం కొనిపించుకోవాల్సి రావచ్చు.