బొట్టు నీలంగా కనిపిస్తే

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

నీ పైథాన్ ప్రోగ్రాం సెకనుకి నాలుగు స్క్రీన్‌షాట్లు దాటట్లేదని, మొత్తం సీ భాషలో తిరగరాస్తానని ఫోన్లో అన్నావు. ఆగు తల్లీ. ఒకప్పుడు నేనూ అదే చేసి మూడు వారాలు గంగలో కలిపాను. తీరా చూస్తే ఆలస్యమంతా పీఎన్‌జీగా సేవ్ చేయడంలో ఉంది, స్క్రీన్ తీయడంలో కాదు.

నువ్వు లూప్ తిరిగిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసే స్క్రాట్ అనే ప్రోగ్రాంని పిలుస్తున్నావు. అది కొత్త ప్రాసెస్‌గా లేచి, స్క్రీన్ తీసి, కంప్రెస్ చేసి ఫైలు రాస్తుంది. మరుక్షణమే నువ్వు ఆ ఫైలు తెరిచి కంప్రెషన్ విప్పుతున్నావు. పక్క గదిలో మనిషికి మజ్జిగ ఇవ్వడానికి సీసాలో పోసి, సీలేసి, పార్సెల్ కట్టినట్టుంది! పైథాన్‌లో స్క్రీన్ తీసే ఎంఎస్ఎస్ లైబ్రరీ వాడు, ఫైలు ఊసే లేకుండా బొమ్మ నేరుగా మెమరీలోకి వస్తుంది. ఆ ఆబ్జెక్టుని లూప్ బయట ఒక్కసారే సృష్టించు.

తర్వాత చూడాల్సింది బరువు. 1920×1080 స్క్రీన్‌లో పిక్సెల్‌కి నాలుగు బైట్లు చొప్పున ఒక్క బొమ్మ 82,94,400 బైట్లు. నీ ప్రోగ్రాం చూడాల్సింది స్క్రీన్ మూల వెలిగే ఎర్రదీపం ఒక్కటే కదా? 400×100 ముక్క తీస్తే 1,60,000 బైట్లతో సరి. ఏ సీ కోడూ ఇంత మిగల్చదు.

నిజంగా పూర్తి స్క్రీనే కావాలంటే, లినక్స్‌లో విండోలు చూపించే ఎక్స్11లో ఒక దారుంది. అందులోని మామూలు ఎక్స్ గెట్ ఇమేజ్ ఫంక్షన్ పిక్సెళ్లన్నిటినీ సాకెట్ అనే గొట్టం గుండా మోసుకొస్తుంది. ఎంఐటీ షెమ్ ఎక్స్‌టెన్షన్‌లోని ఎక్స్ షెమ్ గెట్ ఇమేజ్ అయితే, ఎక్స్11 సర్వరూ నీ ప్రోగ్రామూ పంచుకున్న మెమరీలోనే బొమ్మ పెడుతుంది. రెండూ ఒకే మెషీన్‌లో ఉంటేనే సుమా. ఎస్ఎస్‌హెచ్ మీదుగా వేరే మెషీన్ నుంచి నడిపితే పనిచేయదు.

రంగుల సంగతి మర్చిపోకు. పిక్సెళ్లు మామూలుగా నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో, చివర ఒక అదనపు బైటుతో వస్తాయి, మనమేమో ఎరుపు ముందనుకుంటాం. నా డెస్క్‌టాప్ మీద కనకదుర్గమ్మ బొమ్మ ఉండేది. మొదటిసారి తీసి చూస్తే అమ్మవారి కుంకుమబొట్టు నీలంగా ఉంది! మానిటర్ పోయిందనుకుని కేబుల్ మార్చాను కూడా. బొమ్మని పిలో అనే లైబ్రరీకి ఇస్తే వరస మార్చి ఇవ్వాలి. ఓపెన్‌సీవీ అనే ఇంకో బొమ్మల లైబ్రరీ ఎలాగూ నీలంతోనే మొదలుపెడుతుంది కాబట్టి దానికి వరస మార్చక్కర్లేదు, ఆ అదనపు నాలుగో బైటు వదిలేస్తే చాలు. అంకెల పట్టికల లైబ్రరీ నంపైలో ఫ్రమ్ బఫర్ ఫంక్షన్ వాడితే ఆ పెద్ద బొమ్మ ఇంకోసారి కాపీ అవదు.

బొమ్మ నల్లగా వస్తే కోడ్‌ని తిట్టకముందు ఎక్స్‌డీజీ సెషన్ టైప్ వేరియబుల్ చూడు. ఎక్స్11 బదులు వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్ అని ఉంటే కారణం అదే కావచ్చు. అక్కడ ఒక ప్రోగ్రాంని అడక్కుండా ఇంకో ప్రోగ్రాం విండో చూడనివ్వరు. అనుమతి అడిగే పోర్టల్ ద్వారా యూజర్ని అడిగి, వీడియో అందించే పైప్‌వైర్ నుంచి స్ట్రీమ్‌గా తీసుకోవాలి. నాకైతే ఆ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది, కాస్త చిరాకైనా. తొందరగా పని కావాలంటే లాగిన్ దగ్గర ఎక్స్11 సెషన్ ఉంటే అందులోకి వెళ్లు.

బొమ్మలు దాచక తప్పదంటే పీఎన్‌జీ కంప్రెషన్ లెవెల్ 1 పెట్టు, ఆ సేవ్ చేసే పని వేరే ప్రాసెస్‌కి అప్పగించు.

ఇవన్నీ చేసేముందు, తీయడం, పోల్చడం, దాచడం, ఒక్కోదానికీ ఎంత సమయం పడుతోందో పైథాన్‌లోని పెర్ఫ్ కౌంటర్ పెట్టి వందసార్లు తిప్పి చూడు. ఆదివారం ఆ అంకెలు కాగితం మీద రాసుకుని రా. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, సంపిగె రోడ్డులో దిగి ఫోన్ చెయ్యి. సీలో రాయాలో వద్దో మల్లేశ్వరంలో మనింట్లో కూర్చుని తేలుద్దాం. పెద్దమ్మ గుత్తివంకాయ చేస్తానంది.

మీ పెదనాన్న