లాంగ్ ట్రిప్‌కి ముందు టైర్లలో గాలి తగ్గించాలా?

అస్సలు తగ్గించకూడదండి, డ్రైవర్ డోర్ తీస్తే ఫ్రేమ్ మీద కనపడే స్టిక్కర్‌లో ఫుల్ లోడ్‌కి ఎంత రాసుందో అంత గాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. గాలి తక్కువైతే టైరు తిరిగిన ప్రతిసారీ దాని పక్కలు ఎక్కువ నలుగుతాయి, ఆ నలుగుడుకి వేడి పుట్టి లోపల పొరలు విడిపోతాయి, పేలేది ఎక్కువగా అలాగే. సంక్రాంతి సెలవులకి అమలాపురం నుంచి ఐదుగురూ డిక్కీ నిండా సామానూ పూతరేకుల డబ్బాలతో తిరుపతి బయల్దేరారనుకోండి, ఇంటి దగ్గర 33 ఉన్న గాలి రావులపాలెం దాటి హైవే ఎక్కాక బంకులో చూస్తే 36 చూపించొచ్చు, అది వేడికి పెరిగిందే, కంగారుపడి తీయించేస్తే చల్లారాక 30కి పడిపోతుంది. ఎండకి గాలి ఎక్కువై పేలుతుందని చాలామంది అనుకుంటారు గానీ ఆ పెరుగుదల కంపెనీవాళ్ళు ముందే లెక్కేసిందే. స్టెప్నీలో కూడా చూపించండి, దాన్నే మర్చిపోతారు.