యార్క్ పాత నగరంలో పునాది తవ్వేటప్పుడు పురావస్తు పర్యవేక్షణ: పని నెలల తరబడి ఆగిపోతుందా?

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో, కోటగోడల లోపల మీ రెస్టారెంటు వెనుక గది కట్టుకోవడానికి అనుమతి వచ్చిందనీ, తవ్వకం పురావస్తు నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలన్న షరతు వల్ల పని నెలల తరబడి ఆగిపోతుందేమోననీ అడిగారు. ఆ నగరంలో మూడేళ్ళు ఇదే పని చేసినవాడిగా చెబుతున్నాను: చిన్న కట్టడాల దగ్గర పని ఆగేది చాలావరకు కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు. అంతకు మించి ఆలస్యమైన చోట్ల నేను చూసిన కారణం ఒక్కటే, నిపుణుణ్ణి ఆఖరి నిమిషంలో పిలవడం.

మన దేశంలో కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు ముందస్తు అనుమతి తప్పనిసరి, అంటే నిబంధన దూరాన్ని బట్టి ఉంటుంది. యార్క్‌లో చూసేది లోతు. క్రీ.శ. 71లో రోమన్ సైన్యం అక్కడ కోట కట్టినప్పటి నుంచి పొర మీద పొరగా పేరుకున్న నేల అది. కింది పొరలు తడిగా ఉండి గాలి చొరకపోవడంతో చెక్క, తోలు, గుడ్డ పీలికలు సైతం కుళ్ళకుండా నిలిచాయి. కాపర్‌గేట్ వీధిలో 1976 నుంచి 1981 వరకు తవ్వి, వైకింగుల (సముద్రం మీదుగా వచ్చి స్థిరపడిన స్కాండినేవియా వాళ్ళ) కాలపు ఇళ్ళను చెక్క గోడలతో సహా వెలికితీశారు. ఆ తవ్వకం ముగిసిన తరువాత, 1982లో, నిర్మాణ పనులు సాగుతుండగా యంత్రానికి ఏదో గట్టిగా తగిలింది. డ్రైవరు ఆపి చూడబట్టే ఎనిమిదో శతాబ్దపు ఆంగ్లో-సాక్సన్ శిరస్త్రాణం మనకు దక్కింది. పూర్తిగా తవ్వేశామనుకున్న స్థలంలో కూడా మనిషి నిలబడి చూస్తూ ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

అయితే ఆ మనిషి చెయ్యి ఎత్తగానే యంత్రం ఆగాలి. ఒక దుకాణం వెనుక మురుగు గొట్టం కోసం కాలువ తవ్వుతున్నారని నన్ను ఎనిమిదింటికి రమ్మన్నారు. నేను వెళ్ళేసరికే పని సగం అయిపోయింది, అదీ యంత్రానికి పళ్ళున్న బకెట్ (మట్టి తవ్వే తొట్టి) తగిలించి, నక్షాలో చూపిన లోతును దాటి. మట్టికుప్పలో తోలు జోడు అట్ట ఒకటి రెండు ముక్కలై కనిపించింది. అది ఏ పొరలోదో ఇక ఎప్పటికీ తెలియదు. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి పునాది, మురుగు గొట్టాల లోతులు వేసిన నక్షాను పని మొదలుకాక ముందే నిపుణుడికి చూపించండి. లోతు తగ్గించుకోగలిగితే పొరలూ మిగులుతాయి, మీ ఖర్చూ తగ్గుతుంది, ఎందుకంటే పర్యవేక్షణ రుసుము, నివేదిక ఖర్చు భరించాల్సింది మీరే. పని ప్రణాళికను నగర మండలి ఆమోదించాకే తవ్వకం మొదలుపెట్టండి. పళ్ళు లేని వెడల్పు బకెట్ కావాలని కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా చెప్పండి. అది మట్టిని పలుచగా, చదునుగా గీరుతుంది కనుక నేల రంగు మారిన చోటు వెంటనే కంటబడుతుంది. మనిషి ఎముకలు బయటపడితే మాత్రం అక్కడికక్కడే ఆపాలి, వాటిని తీయడానికి న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్సు కావాలి. గోతులు పూడ్చగానే షరతు తీరిపోయిందనుకోకండి. సాధారణంగా నివేదిక సమర్పించి, దాన్ని మండలి అంగీకరించాకే అది తీరుతుంది.