ఉచితంగా ఇస్తామన్న ఇంటర్నెట్‌ను 2016లో ఎందుకు వద్దన్నారు?

మీరు అడిగేది ఫేస్‌బుక్ తెచ్చిన ‘ఫ్రీ బేసిక్స్’ గురించి. 2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో రిలయన్స్ కమ్యూనికేషన్స్ సిమ్‌లపై మొదలైంది. తొలి విడత ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

బ్యాలెన్స్ లేకపోయినా ఫేస్‌బుక్, వికీపీడియా లాంటి కొన్ని సైట్లు తెరుచుకునేవి. యూట్యూబ్ మాత్రం వచ్చేది కాదు. మిర్చి ధర చూద్దామని ఒక రైతు ఏదో లింక్ నొక్కాడనుకోండి. ఆ సైట్ ఫేస్‌బుక్ జాబితాలో లేకపోతే, డేటా ఛార్జీలు పడతాయని హెచ్చరిక వచ్చేది. అక్కడితో చాలామంది వెనక్కి వచ్చేస్తారు. అసలు గొడవ ఇదే: ఆ రైతు ఏది చూడాలో ఒక కంపెనీ జాబితా తేల్చేస్తుంది. కొత్తగా సైట్ పెట్టుకున్న చిన్నవాళ్ల గతేంటి?

ఏమీ లేనివాళ్లకు కొంచెమైనా అందుతుంది కదా అనే వాదన ఉంది, అది తీసిపారేసేది కాదు. కానీ అందరి సైట్లకూ వర్తించేలా కొంత డేటా ఉచితంగా ఇచ్చినా ఆ మేలు జరుగుతుందిగా!

చివరికి 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, సైట్‌ను బట్టి డేటా రేటు మార్చకూడదని ఆదేశించింది. ఆ ఆదేశం మీరితే రోజుకు 50 వేల రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. కొద్ది రోజుల్లోనే ఫేస్‌బుక్ మన దేశంలో ఫ్రీ బేసిక్స్‌ను ఆపేసింది.