నవంబరులో ఇబిజా చవకే, కానీ మీరు వెతికే పార్టీ అప్పుడు అక్కడ ఉండదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది నరసరావుపేట. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేసి, పోయిన సెప్టెంబరు నుంచి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. పన్నులు పోను నెలకు 2,500 యూరోలు చేతికొస్తాయి. అద్దె, తిండి అన్నీ కలిపి 1,750 అవుతుంది, ఇంటికి 200 పంపుతాను. నాన్న కో-అప్లికెంట్‌గా ఉన్న ఎడ్యుకేషన్ లోన్ 14 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు, ఈఎంఐ 19,300 రూపాయలు, ఈ మధ్యే మొదలైంది. బ్యాంకులో 1,900 యూరోలు ఉన్నాయి. నలుగురు ఫ్రెండ్స్ కలిసి నవంబరులో నాలుగు రాత్రులు స్పెయిన్‌లోని ఇబిజా ద్వీపానికి వెళ్లి పార్టీ చేసుకుందామనుకుంటున్నాం. సీజన్ కాదు కాబట్టి టికెట్ 38 యూరోలకే కనిపించింది, మనిషికి 400లో అయిపోతుందని లెక్క వేశాం. తక్కువైతే విడతల్లో కట్టే ఆప్షన్ ఉంది. లోన్ ఉండగా షికార్లేంటని ఇంట్లో అంటారు. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లండి. కాకపోతే నవంబరులో వద్దు, 400 యూరోలతో వద్దు, విడతల మీద అసలే వద్దు. ఎందుకో చెబుతాను, కొంచెం పెద్ద జవాబే, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 38 యూరోల సంగతి. అది ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో మళ్లీ ఒకసారి తెరిచి చూడండి. చలికాలంలో జర్మనీ నుంచి ఇబిజాకు నేరుగా వెళ్లే విమానాలు బాగా తగ్గిపోతాయి, బార్సిలోనాలోనో మాడ్రిడ్‌లోనో పాల్మాలోనో మారాల్సి వస్తుంది, కాబట్టి మీకు కనిపించింది బహుశా బార్సిలోనా దాకా, అదీ ఒకవైపుకు, అదీ సీటు కింద పట్టే చిన్న సంచితో. రెండు ముక్కలూ వేర్వేరుగా కొంటే చవగ్గానే కనిపిస్తుంది, కానీ మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి మీతో సంబంధం ఉండదు, మీరు రాలేదని రాసుకుని వెళ్లిపోతారు, అప్పటికప్పుడు కొత్త టికెట్ మీ జేబులోంచే కొనాలి. ఒకే బుకింగ్ మీద కొంటే మిమ్మల్ని తర్వాతి విమానంలో పంపాల్సిన బాధ్యత వాళ్లది, మూడు గంటలు దాటి ఆలస్యంగా చేరిస్తే యూరప్ నిబంధనల ప్రకారం ఈ దూరానికి 250 యూరోల పరిహారం కూడా అడగొచ్చు (తుపాను లాంటి వాళ్ల చేతిలో లేని కారణమైతే రాదు). అందుకని ఇరవై యూరోలు ఎక్కువైనా ఒకే బుకింగే తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మీరు పార్టీ కోసం వెళ్తున్నామన్నారు. ఇబిజాలో పెద్ద క్లబ్బులు ఏప్రిల్ చివర నుంచి ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి, అక్టోబరు మొదటి రెండు వారాల్లో క్లోజింగ్ పార్టీలు పెట్టి తలుపులు వేసేస్తాయి. నవంబరులో సాన్ ఆంటోనియో, ప్లాయా డెన్ బోసా అనే పార్టీ ప్రాంతాల వైపు వెళ్తే హోటళ్లకు హోటళ్లే షట్టర్లు దించి ఉంటాయి, బీచ్ బార్లు ఉండవు, బస్సులు తగ్గిపోతాయి, పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలే అక్కడ వాన ఎక్కువగా పడే కాలం. మీది నరసరావుపేట కాబట్టి ఇలా చెబుతాను: శివరాత్రి అయిన నెలకు కోటప్పకొండ వెళ్తే కొండ ఉంటుంది, త్రికోటేశ్వరుడు ఉంటాడు, ప్రభలూ తిరునాళ్లూ ఉండవు. దర్శనానికి వెళ్లేవాడికి అదే మంచి రోజు, ప్రభలు చూద్దామని బయల్దేరినవాడికి మాత్రం చార్జీలు దండగ. ఇబిజాలో గది రేటు సగానికి పడిపోయిందంటే మీరు దేనికోసం వెళ్తున్నారో అది ఆ రేటులోంచి తీసేసి ఉందన్నమాట. ఇది తెలిసి కొంటే మంచి బేరం. మీ నలుగురికీ తెలిసినట్టు నాకు అనిపించలేదు.

కాబట్టి ముందు నలుగురూ కూర్చుని తేల్చుకోండి, మీకు కావాల్సింది క్లబ్బులా, ద్వీపమా? క్లబ్బులే అయితే అక్టోబరు మొదటి వారానికో మే నెలకో ప్లాన్ చేయాలి, అప్పుడు బిల్లు వేరే. పేరున్న క్లబ్బులో ఒక రాత్రి టికెట్టే మామూలుగా 50 యూరోలు దాటుతుంది, లోపల మంచినీళ్ల సీసా కూడా హోటల్ భోజనం రేటుకు దగ్గరగా ఉంటుంది, టాక్సీలు అదనం. నాలుగు రాత్రుల్లో రెండు రాత్రులు క్లబ్బుకు వెళ్లినా మనిషికి వెయ్యి యూరోలు చేతిలో లేకుండా కదలకండి. ఈ ఏడాది మీ పరిస్థితిలో అంత ఖర్చుకు నేను సరే అనను.

ద్వీపం చూడాలనుకుంటే మాత్రం చలికాలమే బాగుంటుంది, అందులోనూ ఫిబ్రవరి. జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా సాంతా ఆగ్నెస్ ఊరి చుట్టూ ఉన్న మైదానంలో బాదం చెట్లు పూస్తాయి, ఎర్రమట్టి మీద వరుసగా తెల్లగా, లేత గులాబీ రంగులో, ఒక్క పైసా టికెట్ లేకుండా ఆ పూల మధ్య నడవొచ్చు. ఇబిజా టౌన్ పైభాగంలో దాల్ట్ విలా అనే పాత కోట ఊరు ఉంది, 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, దాని బురుజుల మీద తిరగడానికీ డబ్బులక్కర్లేదు. దక్షిణాన సెస్ సాలినెస్ ఉప్పు మడులు, అక్కడ ప్రాచీన సముద్ర వ్యాపారులైన ఫినీషియన్ల కాలం నుంచీ ఉప్పు తీస్తున్నారు. సాంట్ కార్లెస్‌లో లాస్ డాలియాస్ సంత చలికాలంలో కూడా శనివారం జరుగుతుంది. ఎండ ఉన్న రోజు పగలు 15, 16 డిగ్రీలు ఉంటుంది, స్టుట్‌గార్ట్ ఫిబ్రవరి నుంచి వెళ్లినవాళ్లకు అది హాయిగానే అనిపిస్తుంది, సముద్రంలో దిగడం మాత్రం మర్చిపోండి. రాత్రి బార్‌లో కూర్చోవాలంటే ఇబిజా టౌన్‌లో అక్కడివాళ్లు వెళ్లేవి కొన్ని తెరిచే ఉంటాయి. అందుకే బస కూడా టౌన్‌లోనే చూసుకోండి, ఎయిర్‌పోర్టు నుంచి అక్కడికి చలికాలంలోనూ బస్సుంది, టాక్సీ ఖర్చు తప్పుతుంది.

గది బుక్ చేసేటప్పుడు రెండు చూడండి. హీటింగ్ ఉందో లేదో, ఎందుకంటే అక్కడి ఇళ్లు చాలావరకు వేసవికి కట్టినవి, రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. రెండోది, ఫ్లాట్ తీసుకుంటే ప్రకటనలో టూరిస్ట్ లైసెన్స్ నంబరు ఉందా అని. అది లేని ఫ్లాట్‌కు అడ్వాన్సు కట్టొద్దు, చివరి నిమిషంలో రద్దయిందంటే మీ డబ్బు కోసం మీరే తిరగాలి. రాత్రికింత అని టూరిస్ట్ ట్యాక్స్ ఒకటుంటుంది, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అది వేసవి రేటులో నాలుగో వంతే కాబట్టి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక నేను మీకు వేసే లెక్క. ఇవి నా అంచనాలు, బుక్ చేసే రోజు రేట్లు చూసి సరిచేసుకోండి. రానుపోను విమానం, చేతి సూట్‌కేసుతో 140. ఇద్దరికో గది చొప్పున మనిషికి రాత్రికి 35, నాలుగు రాత్రులకు 140. తిండికి రోజుకు 25 చొప్పున ఐదు రోజులకు 125, మధ్యాహ్నం హోటళ్లలో మెను డెల్ డియా అని ఒకే రేటుకు పూర్తి భోజనం పెడతారు, అదే పెద్ద భోజనంగా తిని రాత్రి సూపర్‌మార్కెట్ నుంచి ఏదైనా తెచ్చుకుంటే ఇది సరిపోతుంది. రెండు రోజుల అద్దె కారులో మీ వాటా 45, పక్కనున్న ఫార్మెంటెరా ద్వీపానికి పడవ 45, బస్సులూ ట్యాక్సూ కలిపి 25, ఒక సాయంత్రం బయట సరదాకు 40. మొత్తం 560. దీని మీద 60 ముట్టుకోకుండా పక్కన పెట్టాలి, గాలి ఎక్కువైతే చలికాలంలో పడవలు ఆగిపోతాయి, ఇంకో రాత్రి ఉండిపోవాల్సి రావచ్చు. అంటే 620. మీరు వేసుకున్న 400కీ దీనికీ 220 తేడా, ఆ తేడానే విడతల్లో పెడదామనుకున్నారు.

కారు దగ్గర చాలామందికి చెయ్యి కాలుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రోజుకు 12 యూరోలని చూసి బుక్ చేస్తారు. కౌంటర్ దగ్గరికి వెళ్లాక డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు కావాలంటారు, స్నేహితుడి కార్డు పనికిరాదు, చాలాచోట్ల మామూలు డెబిట్ కార్డు తీసుకోరు. దాని మీద వెయ్యి యూరోల దాకా డిపాజిట్‌గా పట్టి ఉంచుతారు, మీ కార్డు లిమిట్ అంత లేకపోతే కారు ఇవ్వరు, లేదా రోజుకు ఇరవై ముప్పై యూరోల సొంత ఇన్సూరెన్స్ తీసుకోమంటారు, అప్పుడు 12 కాస్తా 40 అవుతుంది. జర్మనీలో స్థిరపడ్డాక ఆరు నెలలు దాటితే మన ఇండియా లైసెన్స్ జర్మనీలో చెల్లదు, స్పెయిన్‌లో కూడా దాన్ని నమ్ముకుని వెళ్లొద్దు, కాబట్టి నలుగురిలో జర్మన్ లైసెన్సూ సొంత క్రెడిట్ కార్డూ రెండూ ఉన్నవాళ్లు ఎవరో ఇప్పుడే తేల్చండి. ఎవరూ లేకపోతే కారు ఆలోచన మానేసి ఆ 45 టాక్సీకి వాడండి. కారు తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ నాలుగు వైపులా వీడియో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఈ ఖర్చును మీ లోన్‌తో పోల్చి చూద్దాం. యూరోకు 100 రూపాయలని సులువుగా అనుకుంటే ఈ ట్రిప్ 62,000 రూపాయలు. మీ లోన్ ఇప్పుడే మొదలైంది కాబట్టి మొదటి నెలల ఈఎంఐలో దాదాపు 12,800 వడ్డీకే పోతోంది. ఈ దశలో 50,000 అసలుకు కట్టి, ఈఎంఐ అంతే ఉంచి గడువు తగ్గించమంటే చివర్లో ఏడు ఈఎంఐలకు పైగా ఎగిరిపోతాయి, అంటే ఆ యాభై వేలు పదేళ్లలో లక్షా నలభై వేల పని చేస్తుంది. ఫ్లోటింగ్ వడ్డీ అయితే ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదు. ఈ లెక్క చెప్పి మిమ్మల్ని ట్రిప్ మానేయమనడం లేదు. 27 ఏళ్ల వయసులో చదువు, ఉద్యోగం, ఇంటికి డబ్బు అన్నీ సక్రమంగా చేసుకుంటున్న మనిషి నాలుగు రోజులు తిరిగితే తప్పేం లేదు, నేను నిజంగానే వెళ్లమంటున్నాను. ఆ 62,000 ఎక్కడి నుంచి వస్తోందన్నదే నా పట్టింపు.

బ్యాంకులో ఉన్న 1,900 నుంచి మాత్రం రాకూడదు. మీ నెల ఖర్చు, ఈఎంఐ, ఇంటికి పంపేది కలిపితే 2,140 దాకా అవుతోంది, అంటే మీ దగ్గర ఒక నెలకు సరిపడా కూడా లేదు. పరాయి దేశంలో, ఉద్యోగం మీదే వీసా ఆధారపడి ఉన్నప్పుడు కనీసం మూడు నెలల ఖర్చు ఉండాలి, 6,400 యూరోలు. ఖాతాలో లేకపోయినా వాడుకోనిచ్చే ఓవర్‌డ్రాఫ్ట్ నుంచీ వద్దు, జర్మనీలో దాని మీద వడ్డీ చాలా బ్యాంకుల్లో 10 శాతం దాటే ఉంటుంది. విడతలూ అంతే, ఒకటి రెండు కట్టడం మర్చిపోతే మీ షూఫా రికార్డు (జర్మనీలో అప్పులు సరిగా కడుతున్నామో లేదో చూపేది) పాడవొచ్చు, రేపు కొత్త ఇల్లు అద్దెకు వెతికేటప్పుడు ఓనరు అడిగే మొదటి కాగితం అదే.

మీకు నెలకు 350 మిగులుతోంది. అక్టోబరు నుంచి జనవరి దాకా నాలుగు జీతాల్లోంచి 155 చొప్పున వేరే ఖాతాలో వేయండి, 620 అవుతుంది. మిగతా 195 ఎమర్జెన్సీ ఫండ్‌కు. టికెట్ మాత్రం డిసెంబరులోనే కొనేయండి, అప్పటికి 300 పైన పోగై ఉంటుంది.

ఇంకోటి, మీరు రాయలేదు కానీ అడగాలి: పోయిన ఏడాది ట్యాక్స్ రిటర్న్ వేశారా? మీరు సెప్టెంబరులో చేరారు, అంటే ఆ ఏడాది నాలుగు నెలల జీతమే. కంపెనీ మాత్రం ఏడాదంతా అదే జీతం ఉన్నట్టు లెక్కేసి నెలనెలా పన్ను కోస్తుంది. 2025లో 12,096 యూరోల దాకా ఆదాయానికి పన్నే లేదు, కాబట్టి మీకు కోసిన దానిలో పెద్ద భాగమే వెనక్కి రావొచ్చు, వందల్లో కాదు, వెయ్యి దాటి ఉండే అవకాశం ఎక్కువ. మాస్టర్స్‌లో మీరు సొంతంగా పెట్టిన ఫీజులు, పుస్తకాలు, లాప్‌టాప్ కూడా చూపించొచ్చు, రసీదులు వెతకండి. జర్మనీ పన్ను శాఖవారి ఎల్‌స్టర్ పోర్టల్‌లో ఉచితంగా వేసుకోవచ్చు, లాగిన్ కోడ్ పోస్టులో వస్తుంది కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. వచ్చిన డబ్బులో సగం ఎమర్జెన్సీ ఫండ్‌కు, సగం లోన్ అసలుకు.

ఇంట్లో షికార్లేంటంటారని రాశారు. అయినా చెప్పండి. లోన్‌లో నాన్నగారి సంతకం ఉంది, మీరు ఒక్క ఈఎంఐ ఆలస్యం చేసినా బ్యాంకువాళ్లు ఫోన్ చేసేది ఆయనకే, ఫొటోలు ఎవరి స్టేటస్‌లోనో చూసి తెలుసుకోవడం ఆయనకు బాధగా ఉంటుంది. ట్రిప్ గురించి ఒక్కటే చెప్పకుండా, రిఫండ్ నుంచి అసలుకు ఎంత కట్టారో ఆ బ్యాంకు రసీదుతో కలిపి చెప్పండి. అప్పుడు ఆయన అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

బుక్ చేసే ముందు మీ రెసిడెన్స్ కార్డు గడువు చూసుకోండి. కార్డు, పాస్‌పోర్టు రెండూ చెల్లుబాటులో ఉంటే స్పెయిన్‌కు వేరే వీసా అక్కర్లేదు. ఫిబ్రవరికి కార్డు రెన్యువల్‌లో పడి చేతిలో తాత్కాలిక కాగితం మాత్రమే ఉంటే మాత్రం, దాన్ని నమ్ముకుని ఇంకో షెంజెన్ దేశానికి (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకదానికి) వెళ్లొద్దు, కార్డు వచ్చేదాకా ఆగండి. ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉంటే మీ కార్డు వెనకవైపు యూరోపియన్ కార్డు ఉంటుంది, స్పెయిన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది పనిచేస్తుంది. కాలు విరిగి అంబులెన్స్‌లో జర్మనీకి తీసుకురావాల్సి వస్తే ఆ ఖర్చు అది ఇవ్వదు, దానికి వేరే ట్రావెల్ పాలసీ తీసుకోండి, ఏడాదికి తీసుకున్నా మామూలుగా ఒక పూట హోటల్ భోజనం ఖర్చే అవుతుంది.