ఛాతీ నొప్పి లేకుండానే గుండె వాల్వ్ సన్నబడుతుందా? మా అమ్మ విషయంలో జరిగింది ఇదీ

"అమ్మకి 46 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం. ఎకో (గుండె స్కానింగ్) తీసి మైట్రల్ స్టెనోసిస్ అని రాశారు. ఛాతీ నొప్పి ఎప్పుడూ లేదు. ఇది ఎందుకొస్తుంది, స్టెంట్ వేస్తారా?" అని మీరు అడిగారు. నేను డాక్టర్‌ని కాను. మా అమ్మకి ఇదే జబ్బు. పదకొండేళ్లుగా ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు స్టెంట్ సంగతి. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాల్లో బ్లాక్ ఉంటే వేసేది స్టెంట్. మీ అమ్మగారిది అది కాదు. గుండె ఎడమ పక్కన పై గదికీ కింది గదికీ మధ్య ఉండే తలుపు మైట్రల్ వాల్వ్. మామూలుగా అది తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది. రెక్కలు మందమై, అంచులు అతుక్కుపోతే ఆ దారి తగ్గిపోతుంది. దాన్నే మైట్రల్ స్టెనోసిస్ అంటారు. 1.5కి దిగితే తీవ్రంగా ఉన్నట్టు లెక్క. మా అమ్మకి 0.9 ఉండేది. ఎకో తీస్తూ డాక్టర్ గారు స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. రెక్కలు బార్లా తెరుచుకోవాల్సిన చోట, నీళ్లలో చేప నోరు ఆడించినట్టు చిన్న సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. కిందికి దిగలేని రక్తం పై గదిలో నిలిచి, ఆ ఒత్తిడి వెనక ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందుకే జబ్బు గుండెలో ఉన్నా బయటపడేది ఆయాసంగా. నొప్పి లేదు కదా అని మేమూ ధైర్యంగానే ఉన్నాం.

అమ్మకి ఆయాసం ఒక్కరోజులో రాలేదు. మొదట్లో బోరింగు దగ్గర నుంచి నిండు బిందెతో ఆగకుండా వచ్చేది. తర్వాత తర్వాత వేపచెట్టు కింద బిందె దించి, పైట సర్దుకుంటున్నట్టు కాసేపు నిలబడేది. చివరికి సగం బిందె తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు, పని తగ్గించుకుంటూ పోయింది. మీరు కూడా "ఆయాసం ఎంత వస్తోంది" అని అడిగితే తక్కువే చెబుతారు. "అమ్మా, నిరుడు చేసిన పనుల్లో ఇప్పుడు ఏవి మానేశావు" అని అడిగి చూడండి.

రాత్రిళ్లు పడుకున్న గంటకో రెండు గంటలకో దగ్గుతూ లేచి గోడకి ఆనుకుని కూర్చునేది. ఒక దిండు మూడయ్యాయి. దగ్గర్లోని క్లినిక్‌లో ఉబ్బసం అన్నారు, రెండేళ్లు ఇన్‌హేలర్ వాడాం. ఎవరూ ఎకో అనలేదు, అడగాలని మాకూ తెలియదు. ఆ రెండేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఒకరోజు తెమడలో ఎర్రటి చార కనిపించింది. టీబీ అనుకుని భయపడి పెద్దాసుపత్రికి పరిగెత్తాం. అక్కడ డాక్టర్ అమ్మని ఎడమ పక్కకి ఒత్తిగిల్లమని, స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విని, వెంటనే ఎకోకి పంపారు.

ఇక కారణం. మన దేశంలో ఈ వయసులో మైట్రల్ వాల్వ్ సన్నబడిందంటే చాలావరకు చిన్నప్పటి రుమాటిక్ జ్వరమే. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకి ఒక రకం స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాతో గొంతు నొప్పి వచ్చి, సరైన మందు పడకపోతే, రెండు మూడు వారాల తర్వాత కొందరిలో బాక్టీరియా మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత కీళ్ల మీదకీ గుండె మీదకీ తిరుగుతుంది. కీళ్ల వాపులు తగ్గిపోతాయి. వాల్వ్ మీద మచ్చ మాత్రం మిగిలి, ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. అమ్మకి ఏమీ గుర్తులేదు. అమ్మమ్మని అడిగితే, మూడో తరగతిలో మోకాళ్లు వాచి నెల్లాళ్లు మంచం మీదే ఉంటే పసరు కట్టు కట్టించామని చెప్పింది. మీ ఇంట్లో పిల్లలకి జ్వరంతో గొంతు నొప్పి వస్తే దయచేసి తేలిగ్గా తీసుకోకండి. (పెద్ద వయసువాళ్లలో సన్నబడేది ఎక్కువగా అయోర్టిక్ వాల్వ్, కాల్షియం పేరుకుని. అందులో ఛాతీ పట్టేయడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటాయి.)

డాక్టర్‌ని ఇవి అడగండి: వాల్వ్ ఏరియా ఎంత, లీకు ఉందా, కాల్షియం ఎంత పేరుకుంది, పై గదిలో రక్తం గడ్డ ఉందా, గుండె లయ తప్పిందా. వాల్వ్ అనువుగా ఉంటే బెలూన్‌తో సరిపోతుంది, లేకపోతే ఆపరేషన్. బెలూన్ పద్ధతి జపాన్ సర్జన్ కంజి ఇనోయె 1980ల్లో తెచ్చింది. తొడ దగ్గర సిరలోంచి బెలూన్ పంపి, వాల్వ్ దగ్గర ఉబ్బించి, అతుక్కున్న అంచుల్ని విడదీస్తారు. అమ్మకి ఆరోగ్యశ్రీ కింద చేశారు. దారి 1.8 అయింది. ఆ రాత్రి వార్డులో ఒక్క దిండు మీద పడుకుని తెల్లారేదాకా లేవలేదు. నేనే నిద్రపోకుండా ఊపిరి చూస్తూ కూర్చున్నాను.

మళ్లీ సన్నబడే అవకాశం ఉంది కాబట్టి ఏటా ఎకో తీయిస్తున్నాం. ఈలోపు మీ అమ్మగారికి ఉన్నట్టుండి గుండె దడదడలాడినా, మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా తెల్లారేదాకా ఆగకండి. గడ్డ మెదడుకి వెళితే పక్షవాతం వస్తుంది. లయ తప్పిందని, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్ లాంటి మాత్ర రాస్తే, ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) చెప్పిన తేదీకి చేయించండి. రిపోర్టులో వాల్వ్ ఏరియా ఎంత రాశారో చూసి చెప్పండి.