జిస్ట్ తిరగబెడితే దారి మూసుకుపోయినట్టు కాదు

చెల్లెమ్మా, రాజోలులో మీ నాన్నగారికి పొట్టలో జిస్ట్ గడ్డ (జీర్ణాశయం, పేగుల గోడలో పుట్టే ఒక రకం క్యాన్సర్) తీసేసిన ఎనిమిదేళ్లకు స్కాన్‌లో లివర్ మీద మచ్చ కనబడిందని రాశారు. జిస్ట్ పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టవచ్చు, ఎక్కువగా లివర్‌లోనే. మీ వంటలో, ఆయన పథ్యంలో లోపం వెతక్కండి.

మూడేళ్లు ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మాత్ర వాడి ఆపేశారన్నారు కదా. అలా ఆపాక తిరగబెట్టినవాళ్లలో చాలామందికి అదే మాత్ర మళ్లీ పనిచేస్తుంది. ముందు ఆ మచ్చ జిస్టేనని తేలాలి, అవసరమైతే సూది పరీక్షతో.

పాత ఆపరేషన్ తాలూకు బయాప్సీ బ్లాకులు, అంటే ముక్కను పోతపోసిన మైనం బిళ్లలు, ఆసుపత్రిలో అడిగి తీసుకోండి. కిట్ జన్యు పరీక్ష, అంటే గడ్డలోని కిట్ అనే జన్యువులో మార్పు ఎక్కడుందో చూసే పరీక్ష, వాటిమీదా చేయొచ్చు. ఆ జన్యువులో ఎక్సాన్ 9 అనే భాగంలో మార్పుంటే డాక్టర్లు ఇమాటినిబ్ రోజుకు 400 బదులు 800 మిల్లీగ్రాముల డోసు ఆలోచిస్తారు. రెండో అభిప్రాయానికి విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దాళ్వా కోతలయ్యాక వెళ్దామని నాన్నగారంటే మాత్రం ఒప్పుకోకండమ్మా.